చెక్కిన పని, చెక్కుతూ కూర్చున్న పని

సభలోని పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పరీక్షల రోజుల్లో కూడా వీలు చేసుకుని వచ్చిన విద్యార్థులకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క క్రియ గురించి. ఆ క్రియ మీ అందరికీ తెలిసినదే. పొద్దుటి నుంచి ఇప్పటిదాకా మీలో చాలామంది దాన్ని ఒక్కసారైనా వాడి ఉంటారు. అది 'చెక్కు'.

ఈ మాట మీదికి నా ఆలోచన ఎలా వెళ్ళిందో ముందు చెబుతాను. అనువాదం నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని కొన్నాళ్ళ క్రితం నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఒక పనిని బాగుచేయబోయి, ఇంకా ఇంకా బాగుచేయబోయి, ఆ బాగుచేయడంతోనే దాన్ని చెడగొట్టేదాకా పోవడాన్ని తెలుగులో ఒక్క క్రియలో ఎలా చెప్పాలి అని ఆమె ప్రశ్న. ఇంగ్లీషులో ఒక ఉపసర్గ తగిలిస్తే సరిపోతుంది, మనకు అలాంటి సదుపాయం ఉన్నదా అని కూడా అడిగింది. తరగతిలో తలా ఒకటి చెప్పారు. 'అతిగా శుద్ధి చేయు' అన్నారు ఒకరు. 'మితిమీరి మెరుగుపరచు' అన్నారు ఇంకొకరు. ఇవి తప్పు అని నేను అనను, పత్రికల్లో ఇలాగే రాస్తారు. కానీ ఇవి ఆ క్రియకు వివరణలు. ఇంట్లో, వీధిలో, పొలంలో ఆ సందర్భం వచ్చినప్పుడు మనుషుల నోట వచ్చే మాటలు ఇవేనా? 'అబ్బాయీ, నువ్వు మితిమీరి మెరుగుపరుస్తున్నావు' అని ఏ తల్లి అయినా అంటుందా?

ఆ రోజు సాయంత్రమే జవాబు దొరికింది. బస్సు కోసం నిలబడి ఉంటే పక్కన ఒక తల్లి, ఆరేడేళ్ళ కొడుకు. వాడు పెన్సిలు చెక్కుతున్నాడు. ములుకు వచ్చింది, అయినా ఆపలేదు. ఇంకా సన్నంగా రావాలని చెక్కుతున్నాడు. ఆమె అన్నది: 'ఇంకెంతసేపు చెక్కుతావురా, విరుగుతుంది.' విరిగింది కూడా. వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. మా విద్యార్థిని అడిగినదంతా ఆ తల్లి మాటలో ఉన్నది. బాగుచేయడం ఉన్నది, ఆగకపోవడం ఉన్నది, ఆగనందువల్ల వచ్చే నష్టం ఉన్నది.

కనుక నేను చెప్పదలచుకున్నది ఇది. మితిమీరిన నగిషీని, మితిమీరిన శుద్ధిని చెప్పడానికి తెలుగు ప్రత్యేకంగా ఒక ధాతువును పుట్టించుకోలేదు. రోజూ చేసే చేతిపనుల క్రియలనే తీసుకుని, వాటి రూపాన్ని మార్చి ఆ అర్థాన్ని రాబట్టుకున్నది. అయితే ఏ క్రియను ఎంచుకుంటామన్న దానిలో ఒక వివేకం ఉన్నది. ఆ వివేకాన్ని మనం ఈ మధ్య పోగొట్టుకుంటున్నామని నాకు బాధ.

ముందు ఈ క్రియ పుట్టిన చోట్లకు వెళదాం. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో చెక్కు నామంగానూ ఉన్నది, క్రియగానూ ఉన్నది. నామంగా అది కాయ పైపొర, చెట్టు బెరడు. చెక్కిలి అన్న అర్థం కూడా ఉన్నది. క్రియగా ఆ పొర తీయడం, గీకడం, రాతి మీదో కర్ర మీదో రూపం తీయడం. వంటింట్లో ఉన్నవారికి ఇది బాగా తెలుసు. అరటిపండుకు తొక్క అంటాం, కందిపప్పుకు పొట్టు అంటాం, బీరకాయకు, సొరకాయకు చెక్కు అంటాం. ఎందుకు ఈ తేడా? తొక్క చేత్తో ఒలిస్తే వస్తుంది. పొట్టు చెరిగితే పోతుంది. చెక్కు మాత్రం కత్తి పెడితే తప్ప రాదు. కత్తి పెట్టాక ఎంత లోతుకు పోవాలో చెయ్యి నిర్ణయించాలి. అక్కడే కొత్త కోడలి చేతికీ అత్తగారి చేతికీ తేడా తెలిసేది. లేత సొరకాయను పట్టుకుని చెక్కుతూ పోతే కూరకు మిగిలేది గింజలే. ఈ పైపొర ఎంత, లోపలి గుజ్జు ఎంత అన్న ప్రశ్న ఈ క్రియలో మొదటినుంచీ ఉన్నది.

ఇక పొలం గట్టు. ఇక్కడ నేను కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ క్రియకు ఇంతకంటే మంచి పాఠశాల నాకు కనబడలేదు. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చాలామందే ఉన్నారు, సంతోషం. నాట్లకు ముందు వరిచేలో గట్టు చెక్కుతారు. తెలంగాణలో ఒడ్డు చెక్కుడు అంటారు, రాయలసీమలో గెనిమ చెక్కేది అంటారు. పార పుచ్చుకుని గట్టు పక్కల పెరిగిన గడ్డిని వేళ్ళతో సహా పలచగా కోసుకుంటూ పోతారు. అలా చెక్కితే ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొక్కలు బయటపడతాయి. వాటిని మూసి, చేలోని బురద తీసి గట్టుకు మెత్తుతారు. చెక్కడం, మెత్తడం జంట పనులు. ముందు తీయాలి, తరువాత పెట్టాలి. తీసినంత పెట్టకపోతే ఏటికేడు గట్టు సన్నబడుతుంది.

గట్టుకు రెండు వైపులా ఇద్దరు రైతులు ఉంటారు. ఈయన తన వైపు చెక్కుతాడు, ఆయన తన వైపు చెక్కుతాడు. ఇద్దరూ చేసేది మంచి వ్యవసాయమే. కానీ చెక్కినప్పుడల్లా బెత్తెడు నేల తన చేలో కలుస్తుందన్న ఆశ ఒకరికి ఉంటే, ఇంకొకరికి అదే అనుమానం ఉంటుంది. మా చిన్నప్పుడు మా నాన్నగారు పొలం నుంచి వచ్చి అన్న ఒక మాట నాకు ఇప్పటికీ వినిపిస్తున్నట్టే ఉంటుంది: 'గట్టు చెక్కీ చెక్కీ కాలు పెట్టే చోటు లేకుండా చేశారు.' గమనించండి, ఆయన 'ఎక్కువగా' అనలేదు. 'అతి' అనలేదు. 'చెక్కీ చెక్కీ' అన్నారు. ఆ ఏడు కాలువ నీరు ఎక్కువై ఆ గట్టుకే గండి పడింది. నీరు ఎవరి చేలోకి పోయింది? ఇద్దరి చేలలోకీ పోయింది.

ఈ మాటను పట్టుకుని వ్యాకరణం వైపు వెళదాం. ఈ క్రియ రూపాలను వరుసగా చెబుతాను, ప్రతి రూపం దగ్గరా మీ మనసులో పొగడ్త వినబడుతున్నదో తెగడ్త వినబడుతున్నదో చూసుకోండి. 'చెక్కిన బొమ్మలా ఉంది': ఇది పొగడ్త. 'ఆ వాక్యం చెక్కినట్టుంది': ఇదీ పొగడ్తే. 'చెక్కాడు': పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. 'చెక్కుతున్నాడు': ఇక్కడ కొంచెం ఊగుతాం, చెప్పేవాడి గొంతును బట్టి ఉంటుంది. 'చెక్కుతూ కూర్చున్నాడు': ఇందులో సందేహం లేదు, విసుగు. 'చెక్కుతూనే ఉన్నాడు': విసుగు ముదిరింది. 'చెక్కీ చెక్కీ': నష్టం జరిగిపోయింది.

దీన్నిబట్టి ఏం తెలుస్తున్నది? పని పూర్తయినట్టు చెప్పే రూపాల్లో ఈ క్రియ మెచ్చుకోలు, పని పూర్తికానట్టు చెప్పే రూపాల్లో ఇదే క్రియ మందలింపు. పాలంపేట రామప్ప గుడి చూసినవాళ్ళు ఉంటారు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిలో, కప్పు చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే స్త్రీమూర్తుల శిల్పాలు, ఉన్నాయి. ఆ గట్టి రాతిలో నగల మధ్య సందులు కూడా తొలిచి చూపించారు. అంత సూక్ష్మం చూసి 'అతిగా చెక్కారు' అన్నవాళ్ళు నాకు ఒక్కరూ తగలలేదు. ఎందుకంటే ఆ చెయ్యి ఎక్కడో ఒకచోట ఆగింది. ఆగిన చెయ్యిని శిల్పం అంటాం. సినిమా వార్తల్లో రాజమౌళిని జక్కన్న అనడం మీకు తెలుసు. సినిమా విడుదలయ్యాక ఆ పేరులో గౌరవం వినబడుతుంది. విడుదల వాయిదా పడినప్పుడు అభిమానులు అదే పేరు తలుచుకుని 'ఇంకా చెక్కుతున్నాడు' అంటారు, అప్పుడు అందులో ఎదురుచూపు, కాస్త దిగులు వినబడతాయి. మనిషి అతనే, పేరు అదే, ధాతువు అదే. మారింది క్రియారూపం ఒక్కటే.

ఇక్కడ మీలో ఎవరైనా ఒక ఆక్షేపణ తేవచ్చు. తేవాలి కూడా. 'కూర్చున్నాడు' అన్న సహాయక క్రియ ఏ ధాతువుకు తగిలించినా విసుగే కదా, మాట్లాడుతూ కూర్చున్నాడు అన్నా, చదువుతూ కూర్చున్నాడు అన్నా మందలింపే కదా, ఇందులో చెక్కు ప్రత్యేకత ఏమిటి? మంచి ప్రశ్న. 'చదివీ చదివీ' అంటే ఎవరు అలసిపోతారు? చదివేవాడు. పుస్తకానికి ఏమీ కాదు. 'తిరిగీ తిరిగీ' అంటే కాళ్ళు అరుగుతాయి, ఊరు అరగదు. 'చెక్కీ చెక్కీ' అంటే పని చేసేవాడి సంగతి అటుంచండి, ఎదుట ఉన్న వస్తువే సన్నబడిపోతుంది. ఇది తీసివేత క్రియ. తీసిన తరువాత తిరిగి పెట్టలేని క్రియ. నా వాదానికి ఇరుసు ఇక్కడే ఉన్నది, కాబట్టి మరొకసారి చెబుతాను: చెక్కులో అతి జరిగితే పోయేది పదార్థం.

దీని పక్కన 'దిద్దు'ను పెట్టి చూడండి. దిద్దు కూడా బాగుచేసే క్రియే. బొట్టు దిద్దుతాం, ముగ్గు దిద్దుతాం, అక్షరాలు దిద్దుతాం. అన్నీ పైన పెట్టేవే. పిల్లవాడు పలక మీద 'అ' రాసి, దాని మీదే మళ్ళీ దిద్ది, మళ్ళీ దిద్దితే ఏమవుతుంది? అక్షరం లావెక్కుతుంది. లోపలి సుడులు పూడిపోతాయి, చివరికి అది 'అ' అని పోల్చుకోలేం. అదే పిల్లవాడి చేతిలో పెన్సిలు చెక్కగా చెక్కగా సన్నబడి పొట్టిదవుతుంది, అక్షరం దిద్దగా దిద్దగా లావెక్కుతుంది. రెండూ అతి చేసిన పనులే, కానీ రెండింటి నష్టం ఒకటి కాదు. చెక్కులో వస్తువు పోతుంది, దిద్దులో ఆకారం పోతుంది. చూసే కన్ను ఉంటే మన భాష ఈ రెండింటినీ ఎప్పుడూ కలిపి చెప్పదు.

ఇంకొక ముచ్చట. 'తీర్చిదిద్దు' అన్న మాటకు తెగడ్త రూపం ఉన్నదేమో వెతికి చూడండి. నాకు దొరకలేదు. 'పిల్లలను తీర్చిదిద్దుతూ కూర్చున్నాడు' అని ఎవరూ అనరు. ఎందుకంటారు? తీరు అంటే ముగియడం, తీర్చు అంటే ముగించడం. పని తీరిపోయింది, అప్పు తీర్చాడు అంటాం కదా. దిద్దడానికి ముందే దాని ముగింపును చేర్చిపెట్టుకున్న జంట క్రియ అది. హద్దు లోపలే ఉన్నది కనుక హద్దు దాటిన అర్థం దానికి రాలేదు. ఈ మాటను ఇలా జతచేసినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళకు పని ఎక్కడ ఆపాలో తెలుసునని నాకు అనిపిస్తుంది.

నా వాదానికి అడ్డు తగిలే ప్రయోగం ఒకటి ఉన్నది, దాన్ని మీ ముందు దాచను. 'మాటలకు నగిషీలు చెక్కు' అంటాం. నగిషీ ఉర్దూ దారిలో మనకు వచ్చిన మాట. చేర్యాలలో పటాలు గీసే నకాషీల పేరు కూడా ఆ కుదురుదే. మాటలకు నగిషీలు చెక్కడమంటే లేనిపోని సొగసులు కలపడం. ఇది కలిపే పని కదా, మరి తీసివేత క్రియ ఎందుకు వచ్చింది? చెంబు మీదో పేటిక మీదో నగిషీ చెక్కేవాడు లోహంలో, కర్రలో గీత తవ్వుతాడు. చేతికి అది తీసివేత, కంటికి అది చేర్పు. నుడికారం చేతి పక్షాన క్రియను, కంటి పక్షాన నామాన్ని తీసుకున్నది. ఇంతకంటే లోతైన సమాధానం ఎవరి దగ్గరైనా ఉంటే సభ అయ్యాక నాతో తప్పక మాట్లాడండి.

సాన మీద పడ్డ మణి

చెక్కుకు దగ్గరి చుట్టం 'సానపట్టు'. సాన రెండు రకాలు. ఒకటి గంధపు చెక్కను అరగదీసే రాయి, ఇంకొకటి రత్నానికో కత్తికో మెరుగు తెచ్చే రాయి. మొదటిదానిలో అరిగి పోవడమే ప్రయోజనం. రెండోదానిలో అరుగుదల ధర, మెరుపు ప్రతిఫలం. సాన మీద ఒరసి సన్నబడిన మణి, శరత్కాలంలో నీరు తగ్గి ఇసుకతిన్నెలు తేలిన నది, యాచకులకు ఇచ్చి ఇచ్చి సంపద కరిగిన దాత, వీరంతా కృశించడం వల్లనే శోభిస్తారని భర్తృహరి నీతిశతకంలో ఒక శ్లోకం ఉన్నది. ఎంత గొప్ప చూపు! తరుగుదలలోనే అందం ఉన్నదని చెప్పిన మాట అది. అయితే ఆ తరుగుదల ఎంతవరకు?

దీనికి మన నేల నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. కోహినూరు కృష్ణాతీరంలో కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. 1849లో అది బ్రిటిషు వారి వశమైంది. 1851లో లండన్ మహాప్రదర్శనలో జనం చూడడానికి పెట్టారు. జనం విరగబడి వచ్చారు, చూసి పెదవి విరిచారు. వాళ్ళు ఊహించుకున్నంత ధగధగ అందులో లేదు. ఎందుకు లేదు? దాని పాత కోతలో రాతి బరువును నిలుపుకోవడమే ముఖ్యం. ఐరోపా వారి కంటికి కావలసింది లోపలికి వెళ్ళిన వెలుగు పలకలు పలకలుగా చీలి తిరిగి రావడం. మరుసటి ఏడాది, 1852లో, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్ళను పిలిపించి 38 రోజులు సానపట్టించారు. సుమారు 186 కారెట్ల రాయి 105.6 కారెట్లకు దిగింది. మెరుపు పెరిగింది, నిజమే. దగ్గరుండి ఆ పని చేయించిన విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ రాకుమారుడే అంత రాయి పోయినందుకు తృప్తి పడలేదు.

ఇప్పుడు చెప్పండి, కోహినూరును సానపట్టారా, చెక్కారా, అరగదీశారా? నన్ను అడిగితే 'అరగదీశారు' అంటాను. దాదాపు ఐదింట రెండు వంతులు పొడి అయ్యాక దాన్ని సానపట్టడం అనడానికి నాకు నోరు రాదు. ఆ రాతితో పాటు దాని పాత రూపమూ పోయింది. ఎన్ని వందల కోట్లు పెట్టినా ఆ 186 కారెట్ల రాయిని ఇక ఎవరూ చూడలేరు. ఒక చిన్న కాకతాళీయం ఇక్కడ నా మనసును తాకుతుంది: మన మాటలను భద్రం చేసిన బ్రౌన్ నిఘంటువు మద్రాసులో అచ్చయినదీ, మన రాయి లండన్‌లో అరిగిపోయినదీ ఒకే సంవత్సరం.

తీసివేత క్రియకు ఇంకొక ఉదాహరణ మీ అందరి కంచంలో ఉన్నది. 'పాలిష్ పట్టించు' అనే క్రియ మర వచ్చిన తరువాత వచ్చింది. అంతకుముందు దంచేవారు, చెరిగేవారు. దంపుడు బియ్యంలో పైపొర కొంత నిలిచేది. మర వచ్చాక బియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత గొప్ప అన్న ఆలోచన వచ్చింది, తవుడుతో పాటు బి1 విటమిన్ పశువుల తొట్టిలోకి పోయింది. 1890లలో జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లన్నం తిన్న కోళ్ళు కాళ్ళు చచ్చుబడి పడిపోవడం, ముడి బియ్యం పెడితే తేరుకోవడం చూశాడు. ఆ పరిశీలన నుంచి వచ్చిన జ్ఞానానికే 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇది దూరదేశపు కథ అనుకోకండి. బి1 లోపం వల్ల మనుషులకు వచ్చే బెరిబెరి మన ఉత్తర సర్కారు జిల్లాలను పీడించిన జబ్బు. దాని పరిశోధన కోసం 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక్క గదిలో మెకారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది. బియ్యాన్ని మితిమీరి శుద్ధి చేసినందువల్ల వచ్చిన రోగం నుంచి ఒక సంస్థే పుట్టింది.

నేను ఆహార శాస్త్రం చెప్పడానికి రాలేదు. భాష దగ్గరికే వస్తాను. 'శుద్ధి' అన్న మాట వినగానే మంచి అనిపిస్తుంది. 'శుద్ధి చేసిన నూనె', 'శుద్ధి చేసిన బియ్యం' అంటే అందులో ఏదో చెడు ఉన్నదనీ, దాన్ని తీసేశారనీ మనసు నమ్ముతుంది. అదే 'తవుడంతా చెక్కేసిన బియ్యం' అనండి. ఏం పోయిందో కళ్ళకు కడుతుంది. తీసివేత క్రియలు ఏం తీశారో చెప్పమని అడుగుతాయి. శుద్ధి, సంస్కరణ, మెరుగుదల లాంటి మాటలు ఆ ప్రశ్నను అడగనివ్వవు. కనుక అనువాదకులకు నా విన్నపం ఒకటే. మితిమీరిన మెరుగు గురించి రాయవలసి వచ్చినప్పుడు 'అతి' తగిలించే ముందు, అక్కడ పోతున్నది ఏమిటో ఒక్క క్షణం చూడండి. పదార్థం పోతుంటే చెక్కు, గీకు, అరగదీయు, తోము ఉన్నాయి. ఆకారం పోతుంటే దిద్దు, పూయు, మెత్తు ఉన్నాయి. సమయం మించిపోవడం వల్ల చెడితే పాకం ముదిరింది అనే మాట ఉన్నది. పాకం ముదిరితే అరిసెలు గట్టిపడిపోతాయని వండేవారికి తెలుసు.

భాషను దిద్దడం

మన భాష మీద జరిగిన పనిని ఏ క్రియతో చెప్పాలి? ఇది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. ఆ సూత్రాల పొందిక చూసినప్పుడు నాకు ఇప్పటికీ తల వంచాలనిపిస్తుంది. ఒక్క అక్షరం అదనంగా ఉండదు. అది చెక్కిన పని, నేను ఇందాక చెప్పిన పొగడ్త అర్థంలోనే. కష్టం వచ్చింది ఆ తరువాత. ఆ గ్రంథం చెప్పిన భాషలోనే బడిపిల్లల దగ్గరనుంచి అందరూ రాయాలని పట్టుపట్టినప్పుడు వచ్చింది. నోటిలో ఎప్పుడో పోయిన అరసున్నను 'వాఁడు'లో నిలపమన్నారు. మామూలు రేఫలో కలిసిపోయిన బండి ఱను 'చెఱువు'లో రాయమన్నారు. 'వస్తున్నాడు' అనే నోటితో 'వచ్చుచున్నాఁడు' రాయమన్నారు.

జాగ్రత్తగా చూడండి. చెక్కింది ఎవరు? జనం నోరు. అరసున్నను చెక్కింది, బండి ఱను చెక్కింది, వచ్చుచున్నాడును వస్తున్నాడుగా చెక్కింది. పండితులు చేసినది దానికి ఎదురైన పని: పోయినదాన్ని మళ్ళీ పెట్టడం, పెట్టినదాని మీద మళ్ళీ పెట్టడం. అంటే దిద్దడం. పలక మీది అక్షరం లావెక్కినట్టు రాత లావెక్కింది. గిడుగు రామమూర్తిగారు చేసిన వాదంలో నాకు అన్నిటికంటే బలమైనదిగా తోచేది ఇది: గ్రాంథికమే రాయాలన్న పండితులు కూడా తమ రచనల్లో ఆ నియమాలను తప్పుతున్నారని ఆయన వాళ్ళ పుటల నుంచే చూపించారు. దిద్దేవారి చేతికే అందనంత దిద్దుబాటు అది. కాబట్టి గ్రాంథికవాదం గురించి 'భాషను చెక్కి చెక్కి పాడుచేశారు' అని వ్యాసాల్లో రాసే మిత్రులతో నేను ఏకీభవించను. అభిప్రాయం సరే, క్రియ తప్పు.

క్రియ తప్పడం అనుకున్నాం కనుక ఇంకొక మాట. 'చిత్రిక పట్టు' అన్నది వడ్రంగం మాట. చిత్రిక ఒక పనిముట్టు. బాడిసతో చెక్కిన చెక్క మీద చిత్రిక పడితే గరుకు పోయి నున్నబడుతుంది, కింద చుట్టలు చుట్టలుగా పొరలు రాలతాయి. ఈ మధ్య సమీక్షల్లో 'పల్లె జీవితాన్ని చిత్రిక పట్టిన కథ' అని తరచుగా చదువుతున్నాం. రాసేవారి ఉద్దేశం చిత్రించిన కథ అని. చిత్రం అన్న ధ్వని లాగడం వల్ల అర్థం జారింది. భాషలో అర్థాలు జారడం సహజమే, నేను దాన్ని ఆపలేను. కానీ వడ్రంగి చెవికి ఆ వాక్యం ఎలా వినబడుతుందో ఆలోచించండి: ఆ కథకుడు పల్లె జీవితపు గరుకునంతా తీసేసి నున్నగా చేశాడని వినబడుతుంది. ఆ కథ నిజంగా అలాంటిదే అయితే ఆ మాట వాడండి, చాలా సరిగ్గా సరిపోతుంది.

వడ్రంగం అన్నాను కనుక బొబ్బిలి వీణను చెప్పకుండా ఉండలేను. ఒకే పనస దుంగ నుంచి తీసే ఏకాండి వీణ అది. దుంగను బయట చెక్కుతారు, లోపల తొలుస్తారు. కుండ గోడ మందంగా మిగిలితే నాదం మూగబోతుంది, మరీ పలచబడితే తంత్రుల బిగువుకు నిలవదు. కొండపల్లిలో పొణికి కర్ర బొమ్మకు ఒక అంచు ఎక్కువ తెగితే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో సరిచేసుకునే వీలు కొంత ఉన్నది. ఏకాండి వీణకు ఆ వీలు లేదు, అతుకు పడితే అది ఏకాండి కాదు. ఎంతవరకు తొలచాలో అక్కడ కొలబద్ద చెప్పలేదు, వేలితో తట్టి విని తెలుసుకోవాలి. ఇక్కడున్న కథకులు, కవులు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న, 'ఎన్నిసార్లు తిరగరాయాలి?' అన్నది. అంకె నేను చెప్పలేను. తట్టి వింటున్నారా అని మాత్రం అడుగుతాను.

చివరిగా, విద్యార్థులు రాసి పంపిన ప్రశ్నల్లో రెండింటికి జవాబు చెప్పి ముగిస్తాను. 'కొంగు నడుముకు చెక్కుకున్నది' అనేచోట చెక్కు అంటే దోపుకోవడం కదా, అది తీసివేత కాదు కదా అని ఒకరు అడిగారు. అవును. రూపం ఒకటే, అర్థం వేరు. దాన్ని నేను ఈ చర్చలోకి తేలేదు. రెండో ప్రశ్న 'చెక్కు చెదరని' అన్న పలుకుబడి గురించి. 'వందేళ్ళయినా ఆ ఇల్లు చెక్కు చెదరలేదు' అంటాం. అక్కడ చెక్కును నేను పైపొర అనే అర్థం చేసుకుంటాను. లోపలి సంగతి సరే, పైపొర కూడా కదలలేదని. సొరకాయ మీద మనం కత్తితో తీసేసేదీ, ఇంటి మీద చెదరకుండా నిలవాలని కోరుకునేదీ ఒకే మాట కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

వెళ్ళేముందు నాకు ఒక సహాయం చేయండి. తలుపు దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి ఉంచాను. మీ ఊళ్ళో గట్టు చెక్కడానికి, తిరగలికి కక్కు కొట్టడానికి, అంటే అరిగిన తిరగలి రాతికి మళ్ళీ గాట్లు పెట్టడానికి, కాయ చెక్కు తీయడానికి ఏ క్రియ వాడతారో, ఆ పని మితిమీరితే ఏమని మందలిస్తారో ఊరి పేరుతో సహా రాయండి. రెండో వరుసలో కూర్చున్న అమ్మ ఇందాక గెనిమ మాట వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపారు. అమ్మా, మీరు ముందు రాయండి, మీవైపు దాన్ని ఏమంటారో నాకు తెలుసుకోవాలని ఉంది.